స్కానర్ చేత కీబోర్డు వేషం మాన్పించాను

అనంతపురం కమలానగర్‌లో మా బావకు మందుల హోల్‌సేల్ ఉంది. ధర్మవరం, కళ్యాణదుర్గం, గుంతకల్లు షాపులకు సరుకు ఇక్కణ్ణుంచే పోతుంది. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి చేశారు కదా. అందులో బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అన్నీ ఉంటాయి. చేత్తో ఎక్కించే తిప్పలు పోతాయని బావ ఒక బ్లూటూత్ స్కానర్ కొన్నాడు. కౌంటర్లోని డెస్క్‌టాప్‌కు దాన్ని కలిపి ప్రోగ్రామ్ రాసే పని నాకొచ్చింది.

ఇలాంటి స్కానర్లు చాలావరకు కొత్తగా తెచ్చినప్పుడు కీబోర్డులాగే నడుస్తాయి. దాన్ని హెచ్‌ఐడీ మోడ్ అంటారు. కిరాణా కొట్టుకు అది చాలు: 890తో మొదలయ్యే 13 అంకెలు, వెనకే ఒక ఎంటర్, అంతే. మందుల దగ్గర ఆ ఎంటరే కొంప ముంచుతుంది. క్యూఆర్‌లో నాలుగైదు వరసలుంటే ఒక్కో వరస చివర ఒక ఎంటర్ పడి, సగం నిండిన ఫారం సేవ్ అయిపోతుంది. కర్సర్ వాట్సాప్‌లో ఉందా, బ్యాచ్ నంబరు ఎవరికో మెసేజ్‌గా వెళ్లిపోతుంది. పైగా కీబోర్డు పంపేది అక్షరాన్ని కాదు, ఏ మీట నొక్కారన్న సంగతిని. అక్క తెలుగులో ఉత్తరం కొట్టి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికను అలాగే వదిలేస్తే, క్యాపిటల్ కే, ఎల్ కాస్తా ఖ, థ అయి కూర్చుంటాయి. గోడౌన్ పెద్దాయన తెర చూసి, "ఏమప్పా, నీ మిషను తెలుగు నేర్చుకునిందే!" అన్నాడు.

అందుకని ఎస్‌పీపీకి మార్చాను. బ్లూటూత్ మీద నడిచే సీరియల్ పోర్టు అది; చదివినదాన్ని మీటలుగా కాక అక్షరాలుగానే, ఒకదాని వెనక ఒకటిగా నేరుగా ప్రోగ్రామ్‌కు పంపుతుంది. డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ డాంగిల్ పెట్టాల్సి వచ్చింది. స్కానర్ మాన్యువల్లో ఎస్‌పీపీ కోసం ఒక బార్‌కోడ్ ఉంటుంది; దాన్ని స్కాన్ చేస్తే మోడ్ మారిపోతుంది. పాత జతను తీసేసి మళ్లీ పెయిర్ చేయాలి. కొనేవాళ్లకు ఒక మాట: బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ రకం) మాత్రమే ఉన్న స్కానర్‌తో విండోస్‌లో ఇలా కామ్ పోర్టు, అంటే విండోస్ చూపించే సీరియల్ పోర్టు, రాదు. డబ్బా మీద ఎస్‌పీపీ ఉందో లేదో చూసే తీసుకోండి.

పెయిర్ అయ్యాక విండోస్ బ్లూటూత్ సెట్టింగుల్లో కామ్ పోర్టుల ట్యాబ్ చూడాలి. అవుట్‌గోయింగ్, ఇన్‌కమింగ్ అని రెండు కనిపించాయి. డేటా స్కానర్ నుంచి మనకు వస్తుంది కాబట్టి ఇన్‌కమింగే అనిపిస్తుంది. కానీ ఆ పేర్లు చెప్పేది కనెక్షన్ ఎవరు మొదలుపెడతారన్నది. నా స్కానర్ విషయంలో పిలిచేది కంప్యూటరే, కాబట్టి అవుట్‌గోయింగ్. పైథాన్‌లో సీరియల్ పోర్టుల కోసం ఉన్న పైసీరియల్ లైబ్రరీతో ఆ పోర్టు తెరిచాను. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, 9600 ఇచ్చినా 115200 ఇచ్చినా తేడా లేదు. తీగే లేనప్పుడు ఆ వేగానికి అర్థం లేదు.

అసలు పని చదవడంలో ఉంది. ఒక క్యూఆర్ ఒక్క ముక్కగా రాదు, రెండు మూడు తునకలుగా వస్తుంది. వరస చివర గుర్తు చూసి ఆపుదామంటే, కోడ్ లోపలే వరసలున్నాయి. మాన్యువల్ సాయంతో చివరి గుర్తును ఆస్కీ 3కి, అంటే తెర మీద కనిపించని ‘ముగింపు’ గుర్తుకు, మార్చాను. మామూలు కోడుల్లో అది రాదు. వచ్చిన బైట్లన్నీ బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగేసి, 3 కనిపించాకే విడదీస్తాను. చదివే పని ప్రోగ్రామ్‌లోనే పక్కన విడిగా నడిచే వేరే థ్రెడ్‌లో పెట్టాను, లేకపోతే బిల్లు తెర బిగుసుకుపోతుంది.

స్కానర్ కాసేపు ఖాళీగా ఉంటే నిద్రపోతుంది, పోర్టు తెగిపోతుంది. ఇనుప బీరువాల వెనక్కి వెళ్లినా అంతే. ఆ ఎర్రర్‌ను పట్టుకుని, పోర్టు మూసి, రెండు సెకన్లాగి మళ్లీ తెరిచేలా లూప్ రాశాను. మొత్తం ప్రోగ్రామ్‌లో ఎక్కువ వరసలు దీనికే పట్టాయి.

సీరియల్‌లో మాట రెండు వైపులా నడుస్తుంది. బీప్ కొట్టించే కమాండ్ మాన్యువల్లో దొరికింది. గడువు మూడు నెలల్లోపు ఉన్న పెట్టె తగిలితే స్కానర్ ఇప్పుడు మూడుసార్లు కూస్తుంది, పెద్దాయన తెర వైపు చూడకుండానే దాన్ని పక్కన పెట్టేస్తాడు.