వేసవిలో నా డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేడిని తగ్గించుకున్న విధానం

విజయవాడలో ఏప్రిల్ సగం దాటిందంటే పై అంతస్తులోని నా పనిగది మధ్యాహ్నం పూట 36 డిగ్రీలకన్నా కిందికి దిగదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 3600 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్‌లో పాఠాల వీడియోలు ఎడిట్ చేసేది ఆ గదిలోనే. పోయిన వేసవిలో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని) మొదలైన కాసేపటికే ఫ్యాన్ హోరెత్తేది, చలికాలంలో త్వరగా ముగిసే పని సాగుతూనే ఉండేది. ఖరీదైన కూలర్ కొనేముందు వేడి ఎంత ఉందో, ఎక్కడ చిక్కుకుంటోందో కొలిచి తెలుసుకోవాలనుకున్నాను.

కొలవడానికి ఉచితంగా దొరికే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం వాడాను. అందులో ప్రాసెసర్ ఉష్ణోగ్రతతో పాటు అది వాడుకునే వాట్లను, కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) వేగాన్ని కూడా ఒకేసారి గమనించాలి. ఈ ప్రాసెసర్‌కు తయారీదారు నిర్ణయించిన పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుని ఆ అంకె దగ్గరే నిలబడుతుంది కాబట్టి, పరిస్థితి ఎంత దిగజారిందో ఉష్ణోగ్రత చెప్పదు, పడిపోయిన వేగమే చెబుతుంది. నా దగ్గర జరుగుతున్నది అదే. ఇక ఏ పనీ లేనప్పుడు అంకె 45కూ 60కీ మధ్య ఎగిరిపడుతుంటే కంగారు పడనవసరం లేదు. చిన్న పని తగలగానే ఒక కోర్ క్షణంపాటు వేగం పెంచుకోవడం ఈ తరం చిప్‌ల స్వభావం. అలాంటప్పుడు సగటు చూపే గడిని చూడాలి.

గది ఉష్ణోగ్రత రాసుకోకుండా తీసిన కొలతకు విలువ లేదన్నది నా గట్టి అభిప్రాయం. మే నెలలో వచ్చిన 85, డిసెంబరులో వచ్చిన 73 ఒకే స్థితిని సూచించవచ్చు. అందుకే గోడకు థర్మామీటర్ తగిలించి, గది 36 డిగ్రీలున్న వేళ ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాంలోని పది నిమిషాల పరీక్ష నడిపి, ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తూ ప్రతి మార్పు తరువాత అదే పరీక్షను మళ్లీ నడిపాను.

మొదట దుమ్ము సంగతి చూశాను. పైకి శుభ్రంగానే కనిపించిన ఫ్యాన్‌ను విప్పితే, దాని కింద హీట్‌సింక్ (చిప్ వేడిని గాలికి వదిలే లోహపు భాగం) రేకుల మధ్య దుమ్ము దట్టంగా పేరుకుని గాలికి దారే లేకుండా చేసింది. ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాను. క్యాబినెట్ ముందున్న జాలీని కడిగి ఆరబెట్టాను, బల్ల అరలో గోడకు ఆనుకుని ఉన్న క్యాబినెట్‌ను బయటికి తీసి, వెనుక జానెడు ఖాళీ వదిలిపెట్టాను. పరిమితికి అంటుకుపోయిన అంకె 88కి దిగింది.

తరువాతిది థర్మల్ పేస్ట్ మార్చడం, అంటే ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని చేరవేసే పూతను మార్చడం. ఇక్కడ తొందర పనికిరాదు. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండి గట్టిపడిన పేస్ట్‌తో కూలర్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగిపోవచ్చు. అందువల్ల పేస్ట్ మెత్తబడేలా కాసేపు బరువైన పని నడిపి, సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసేసి, నాలుగు స్క్రూలనూ మూలకు మూల చొప్పున కొద్దికొద్దిగా వదులు చేశాను. కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ ఉంటే పట్టు సడలి దానంతటదే వచ్చింది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, నడిమధ్య బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, స్క్రూలను మళ్లీ మూలకు మూలగానే బిగించాను. ఈసారి 84 వచ్చింది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల మెనూలో) ఫ్యాన్ వేగాన్ని 70 డిగ్రీల దగ్గర నుంచే పెంచితే మరో రెండు డిగ్రీలు తగ్గాయి, శబ్దం మాత్రం పెరిగింది.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది చిప్ వాడే విద్యుత్తును తగ్గించడం. తయారీదారు ఇచ్చే రైజెన్ మాస్టర్ ప్రోగ్రాంలోని ఎకో మోడ్ ఈ 65 వాట్ల చిప్‌ను 45 వాట్ల తరగతికి మారుస్తుంది. తరగతి అంకెకన్నా అసలు పరిమితి కొంత ఎక్కువ ఉంటుంది, సాకెట్ నుంచి అది తీసుకోగల విద్యుత్తు 88 వాట్ల నుంచి సుమారు 60 వాట్లకు పడిపోతుంది. వేగం కొంచెం తగ్గితే వోల్టేజీ కూడా తగ్గుతుంది, విద్యుత్తు వినియోగమేమో వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) అనుసరిస్తుంది. కాబట్టి చివరి కొద్దిపాటి వేగాన్ని వదులుకుంటే వేడి చాలా తగ్గుతుంది. అదే గదిలో, అదే పరీక్షలో 71 డిగ్రీలు నమోదయ్యాయి. రెండర్‌కు పట్టే సమయం, వేడికి చిప్ తానే నెమ్మదించిన రోజులకన్నా తక్కువే.

ఏ గాలి కూలరైనా చిప్‌ను గది ఉష్ణోగ్రతకన్నా కిందికి దింపలేదు. 36 డిగ్రీల గదిలో పూర్తి భారం మీద 71 అంటే తేడా 35 డిగ్రీలే కనుక, కొత్త కూలర్ ఆలోచన మానుకున్నాను. ఎకో మోడ్‌ను వేసవి నెలల్లో ఉంచి, చలికాలం రాగానే తీసేస్తున్నాను. జాలీని మాత్రం నెలనెలా కడుగుతున్నాను.