స్కోరు ఒకటే కదా అనుకున్నా

పొద్దున ఎనిమిదింటికి నైట్ డ్యూటీ అప్పగించాక మా కన్సల్టెంట్, అంటే పెద్ద డాక్టర్, నన్ను పక్క గదిలోకి పిలిచి, టీ కప్పు చేతికిచ్చి మరీ తిట్టారు. తిట్టడమంటే మన హౌస్‌సర్జన్సీ రోజుల్లోలా కేస్‌షీట్ విసిరికొట్టడం కాదు. గొంతు పెంచకుండా, "ఆ బస్సు డ్రైవర్‌ని ఇంటికెందుకు పంపావో కాస్త చెప్తావా?" అన్నారు. ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్లయినా ఈ మెత్తటి చీవాట్లు అలవాటు కాలేదు. అరిస్తే సాయంత్రానికి మర్చిపోతాం. ఇవి వారం రోజులు నములుతాయి.

ఆ డ్రైవర్‌కి 54 ఏళ్లు. రాత్రి భోంచేస్తూ ఉప్పు అడగబోతే నోట్లోంచి వేరే మాటేదో వచ్చిందట. ఎనిమిది నిమిషాల్లో మామూలైపోయాడు. నా దగ్గరికొచ్చేసరికి జోకులేస్తున్నాడు. టీఐఏ, అంటే వచ్చి వెళ్లిపోయిన పక్షవాతం. అలాంటివాళ్లకి వెంటనే స్ట్రోక్ వచ్చే ప్రమాదమెంతో అంచనా వేసే ఏబీసీడీ2 స్కోరు వేశాను. వయసు 60 లోపే, సున్నా. బీపీ 140/90 లోపే, సున్నా. చెయ్యి పడిపోతే రెండు, ఈయనకి మాట ఒక్కటే పోయింది కాబట్టి ఒకటి. పది నిమిషాలైనా లేదు, షుగరూ లేదు. మొత్తం ఏడుకి ఒకటి. 2007లో ఈ స్కోరు తయారుచేసినవాళ్ల లెక్కలో, మూడూ అంతకు తక్కువా వస్తే రెండు రోజుల్లో స్ట్రోక్ వచ్చేది నూటికి ఒకరికి. వచ్చే వారం క్లినిక్‌కి రాసి పంపేశాను.

కానీ ఇక్కడ వైద్యం ఎలా చెయ్యాలో చెప్పే సంస్థ నైస్. దాని మార్గదర్శకాలు 2019 నుంచీ ఆ స్కోరు వాడొద్దంటున్నాయి. వారంలోపు జరిగిన టీఐఏ అని అనుమానమొస్తే అప్పటికప్పుడు ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు, 24 గంటల్లో స్పెషలిస్టు. లెక్కలేమీ లేవు.

చదవక కాదు, చదివాను. కానీ పీజీ ఎంట్రన్స్‌కి బట్టీపట్టినదే అర్ధరాత్రి ముందు గుర్తొస్తుంది. పైగా నాకు ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. మన దగ్గరైతే అరవై కిలోమీటర్ల నుంచి వచ్చినాయన మళ్లీ వస్తాడో రాడోనని ఆ రాత్రే అడ్మిట్ చేసేవాళ్లం. చేతిలో డబ్బుంటే తెల్లారేసరికి మెడ డాప్లర్, అంటే మెడ రక్తనాళాల స్కాన్, రిపోర్టు వచ్చేసేది. బెడ్లు లేవు, ఇంటికి పంపు అని నేర్పిందే ఇక్కడివాళ్లు, ఇప్పుడు నన్నంటారా? సాకేనని తెలుసు. అయినా రాసుకుంటే కాస్త కడుపు చల్లబడుతుంది.

అసలు చిక్కు వేరే. మెడలో రక్తనాళం పూడిందా, గుండె లయ తప్పుతోందా అన్నది ఆ ఏడు మార్కుల్లో ఎక్కడా లేదు. కెనడాలో ఉన్న మా బ్యాచ్‌మేట్ వాళ్లు 13 అంశాల స్కోరు వాడతారు, అందులో మెడ నాళం జబ్బుకీ చోటుంది. ఆ సంగతి చెప్పి వాడు నన్ను ఇంకో గంట ఏడిపించాడు.

డ్రైవర్‌కి ఫోన్ చేసి రప్పించాం. ఎడమ మెడ నాళం బాగా పూడిపోయి ఉంది. రెండు వారాల్లోపు ఆపరేషన్ అన్నారు. ఆయన బాధ అది కాదు. టీఐఏ వస్తే ఇక్కడ ఏడాదిపాటు బస్సు తోలకూడదు. "తగ్గిపోయింది కదా డాక్టర్, నాకేమైందని?" అంటాడు.

అచ్చం మా బాబాయి మాటే. రెండేళ్ల కిందట ఆయనకీ పొలంగట్టు మీద మాట తడబడింది, ఐదు నిమిషాలు. పిన్ని ఫోన్ చేస్తే ఇదే స్కోరు వేసి, "ఒకటే పిన్నీ, కంగారేం లేదు, తీరిగ్గా చూపించండి" అన్నది నేనే.

రూముకెళ్లి నిద్రపోకుండా ఫోన్ కలిపాను. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాయి.

"మెడ డాప్లర్ తీయించావా బాబాయ్?"

"ఎప్పటిదో తవ్వుతావేంట్రా? నువ్వేగా తీరిగ్గా అన్నావు."

"ఇవాళే కాకినాడ వెళ్లు."

"మినుము కోత అవనీరా" అన్నాడు.