సిరిమాను ఫొటో, నేను ఎంచుకున్న సాఫ్ట్‌వేర్

విజయదశమి వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పండగే. కెమెరా పట్టుకుని వెళ్లింది మాత్రం మొన్నటిసారే. అంతకు రెండు నెలల ముందు సెకండ్ హ్యాండ్‌లో కేనన్ 1500డి కొన్నాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్ల మేడ మీద మధ్యాహ్నానికే చోటు చూసుకుని కూర్చున్నాను.

సిరిమాను కదిలింది. 50 అడుగులు దాటిన చింతమాను, దాని చివర కూర్చున్న పూజారి, కింద నుంచి జనం విసిరే అరటిపళ్లు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేలోపు 300 పైగా ఫొటోలు తీశాను. రాత్రి ల్యాప్‌టాప్‌లో వేసి చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. కెమెరా పైకెత్తి తీశాను కదా, ఫ్రేము నిండా మబ్బు పట్టిన తెల్లటి ఆకాశమే. ఆ వెలుగుని చూసి కెమెరా మొత్తం ఫొటోని చీకటి చేసేసింది. పూజారి ముఖం నల్లగా ఉంది, నుదుటి బొట్టు కూడా కనిపించడం లేదు.

చీపురుపల్లిలో ఉండే మా మావయ్య ముప్పయ్యేళ్లు ఫొటో స్టూడియోలో పనిచేశాడు. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో టచింగ్ చేయడంలో ఆయనది మంచి చెయ్యి. ఫోన్ చేసి సంగతి చెప్తే ఒకటే అడిగాడు. "ఏటమ్మా, నీ దగ్గర నెగెటివ్ ఉన్నాదా, ప్రింటు ఒక్కటే ఉన్నాదా?"

అదృష్టం కొద్దీ ఉంది. డిజిటల్ కెమెరాలో నెగెటివ్ లాంటిది రా ఫైల్, సెన్సార్ పట్టుకున్నదంతా అందులో ఉంటుంది. జేపెగ్ అంటే కెమెరా తనే తయారుచేసి, కుదించి ఇచ్చే ఫొటో, అది ప్రింటు లాంటిది. కెమెరాలో రా, జేపెగ్ రెండూ సేవ్ అయ్యేలా పెట్టుకోమని ఒక స్నేహితురాలు ముందే చెప్పింది. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలిసింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి చీకటి నుంచి వెలుగు దాకా 256 మెట్లే ఉంటాయి. నా కెమెరా రా ఫైల్ 14 బిట్లది, అంటే 16,384 మెట్లు. చీకటిలో ఉన్న ముఖాన్ని పైకి లాగితే జేపెగ్‌లో మరకలు మరకలుగా వచ్చింది. రా ఫైల్‌లో చర్మం రంగు, దండలోని పూలు బయటికొచ్చాయి. అయితే రా ఫైల్‌ని తెరవడానికి సరైన సాఫ్ట్‌వేర్ కావాలి. నా వెతుకులాట అక్కడ మొదలైంది.

మొదట చేసిన పని తప్పు. ఊళ్లో ఒక షాపులో ఫొటోషాప్ "ఫుల్ వెర్షన్" ఉచితంగా వేస్తామంటే వేయించుకున్నాను. యాంటీవైరస్ ఆపితే గానీ అది ఎక్కలేదు. వారం తిరక్కుండా తెర నిండా ప్రకటనలు, ఫైళ్లు తెరుచుకోవు. చివరికి ఫార్మాట్ చేయించాల్సి వచ్చింది. సిరిమాను ఫొటోలు మెమరీ కార్డులో ఇంకా ఉండబట్టి బతికిపోయాయి కానీ, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న మా అక్క కూతురి బారసాల ఫొటోలు మొత్తం పోయాయి. అక్కకి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇలాంటి దొంగ కాపీని క్రాక్ అంటారు, అది వేస్తామని ఎవరన్నా అంటే దయచేసి ఒప్పుకోకండి.

ఫార్మాట్ చేయించినప్పుడే 4 జీబీ ర్యామ్‌కి ఇంకో 4 జీబీ కలిపించాను. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా మొదట తెరిచేది అదే ఫొటో, రెండో చుట్టులో తీసిన పూజారి ఫొటో. ముఖం కనబడాలి, మబ్బులు పోకూడదు, నా ల్యాప్‌టాప్ దాన్ని మోయగలగాలి. ఈ మూడూ చూడటం మొదలుపెట్టాక ఎవరు ఏది గొప్పదన్నా నాకు గందరగోళం కలగలేదు.

ఫోన్‌లో ఫొటోలు దిద్దుకునే స్నాప్‌సీడ్ యాప్ బాగా అలవాటే. కానీ నా ఫోన్‌లో అది రా ఫైళ్లలో డీఎన్‌జీ అనే ఒక్క రకాన్నే తీసుకుంది, నా కేనన్ ఫైల్ తెరుచుకోలేదు. కంప్యూటర్‌లో గింప్ వేశాను. 1995లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అదీ రా ఫైల్‌ని నేరుగా తెరవదు, రా ఫైళ్లు తెరిచే డార్క్‌టేబుల్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ పక్కన ఉండాలి.

ఫొటోషాప్ చేసే అడోబీ వాళ్లదే లైట్‌రూమ్, దాన్ని 7 రోజుల ట్రయల్‌లో చూశాను. నిజం చెప్పాలంటే కొత్తవాళ్లకి అంత సులువైనది నాకు ఇంకోటి కనిపించలేదు. చీకటి భాగాల్ని వెలిగించే షాడోస్ స్లైడర్ కుడివైపు జరిపితే ముఖం వచ్చింది, ఆకాశాన్ని అదే గుర్తుపట్టి విడిగా పట్టుకుంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. కానీ దానికి నెలనెలా డబ్బు కట్టాలి. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 తర్వాత ఒకసారి కొని ఉంచేసుకునే వీలు పోయింది. పెళ్లిళ్ల ఫొటోలు తీసి సంపాదించేవాళ్లకి అది గిట్టుబాటు అవుతుంది. నేను ఏడాదికి నాలుగైదు సార్లు తీసేదాన్ని, నాకు అవ్వదు.

కేనన్ వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ డీపీపీ (డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్) ఉచితమే. కెమెరా సీరియల్ నంబర్ ఇచ్చి దింపుకున్నాను. రంగులు అచ్చం కెమెరాలో చూసినట్టే వచ్చాయి. రేపు ఇంకో కంపెనీ కెమెరా కొంటే దాని రా ఫైళ్లు ఇందులో తెరుచుకోవు, అదొక్కటే నన్ను వెనక్కి లాగింది.

డార్క్‌టేబుల్ దగ్గర వారం రోజులు కూర్చున్నాను. దాని శక్తి చాలా పెద్దది, అందులో సందేహం లేదు. కానీ ఫొటో తెరవగానే చప్పగా కనిపించింది, పక్కన పదుల కొద్దీ మాడ్యూళ్లు, ఒక్కో మార్పుకి ఒక్కోటి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని నా ల్యాప్‌టాప్‌లో ఒక స్లైడర్ కదిపితే ఫలితం కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. రాత్రి పదకొండింటికి టెన్షన్ పడుతూ నేర్చుకునే పని కాదనిపించింది.

చివరికి నిలిచింది రాథెరపీ. ఇదీ ఉచితమే. నాకు దీనిలో బాగా నచ్చిన విషయం ఒకటుంది. రా ఫైల్ లోపల కెమెరా ఒక జేపెగ్‌ని దాచి ఉంచుతుంది. రాథెరపీ దాన్ని చూసి, మొదట అలాగే కనిపించేటట్టు వెలుగునీడల్ని సర్దుతుంది. అంటే కెమెరా తెర మీద చూసిన ఫొటో దగ్గర నుంచే మన పని మొదలవుతుంది. నేను ఎక్స్‌పోజర్ కొద్దిగా పెంచి, షాడోస్, హైలైట్స్ సర్దాను. ముఖం వచ్చింది, మబ్బులు నిలిచాయి. సెన్సార్ మీద దుమ్ము వల్ల ఆకాశంలో పడ్డ చుక్కని స్పాట్ రిమూవల్‌తో తీసేశాను. చేసిన మార్పులన్నీ పక్కన ఒక చిన్న ఫైల్‌లో ఉంటాయి, అసలు రా ఫైల్ చెక్కు చెదరదు. మావయ్యకి ఈ మాట చెప్తే చాలాసేపు ఆశ్చర్యపోయాడు. ఆయన పెన్సిల్ ఒక్కసారి జారితే నెగెటివ్ పోయినట్టే.

ఫొటోని జేపెగ్ చేసి కలర్ ల్యాబ్‌లో 12x18 అంగుళాల ప్రింటు వేయించాను. మళ్లీ చీకటిగా వచ్చింది! ల్యాబ్ తప్పు కాదు. నా ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఉంది, అందుకే అక్కడ అంత వెలుగ్గా కనిపించింది. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ఫొటోని ఇంకాస్త వెలిగించి, మొదట చిన్న ప్రింటు వేయించి చూసుకుని, అప్పుడు పెద్దది తీయించాను.

ఆదివారం చీపురుపల్లి పట్టుకెళ్లాను. మావయ్య వాకిట్లోకి తెచ్చి, ఎండకి అటూ ఇటూ వంచి చూశాడు. పూజారి ముఖం కన్నా ముందు మబ్బుల దగ్గర వేలు పెట్టాడు.

"ఆకాశం ఉన్నాదమ్మా," అన్నాడు. "మిగతావి ఎప్పుడు తెస్తావు?"