చుక్కానిని వెతుక్కుంటూ వచ్చే ఓర్కాలు: కాదిజ్ నుంచి జిబ్రాల్టర్ దాకా

స్పెయిన్‌లోని కాదిజ్ రేవులో తెరచాప పడవల వాళ్ళు ఏ ఇద్దరు కలిసినా ముందు గాలి గురించీ, ఆ వెంటనే ఓర్కాల (కిల్లర్ వేల్స్ అని పిలిచే పెద్ద సముద్రజీవుల) గురించీ మాట్లాడుకుంటారు. జిబ్రాల్టర్ వెళ్ళే పన్నెండు మీటర్ల పడవలో సహాయకుడిగా చేరిన నాకు కెప్టెన్ మొట్టమొదట చూపించినది తెరచాపలను కాదు, పడవ వెనుక అరలో చుక్కాని ఇరుసు పడవ అడుగును చీల్చుకుని కిందికి దిగే చోటును. ఓర్కాలు చుక్కానిని విరిచినంత మాత్రాన పడవ మునగదనీ, ఆ ఊపులో ఇరుసు చుట్టూ ఉన్న భాగం పగిలి నీళ్ళు లోపలికి వస్తేనే మునుగుతుందనీ ఆవిడ వివరించారు. నీళ్ళు తోడే పంపు, గుడ్డపీలికలు, చెక్క బిరడాలు అన్నీ ఆ అరలోనే సిద్ధంగా ఉన్నాయి.

ఈ వ్యవహారం 2020లో మొదలైంది. ఆ ఏడాది నుంచి జిబ్రాల్టర్ జలసంధిలోనూ, పోర్చుగల్ తీరంలోనూ, వాయవ్య స్పెయిన్‌లోని గలీసియా తీరంలోనూ ఓర్కాలు వందల పడవల దగ్గరికి వచ్చాయి. కొన్ని పడవలు మునిగిపోయాయి కూడా. 2023 మే నెలలో, మా దారిలోనే ఉన్న బార్బాతె రేవు దగ్గర మునిగిన పడవ గురించి రేవులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మనుషుల ప్రాణాలు మాత్రం పోలేదు. ఇంత అలజడికి కారణమైన, స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో తిరిగే ఐబీరియా ఓర్కాలు మొత్తం కలిపినా కొన్ని పదులకు మించవు. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో వాటిని చేర్చారు.

పడమటి గాలి అందుకుని బయలుదేరిన మేము దారి పొడవునా ఇరవై మీటర్ల లోతు గీతను దాటకుండా, తీరాన్ని అంటిపెట్టుకుని సాగాము. ఓర్కాలు ఎక్కువగా లోతు నీళ్ళలోనే ఎదురవుతాయి కనుక నావికులు ఈ మార్గాన్ని ఎంచుకుంటున్నారు. అయితే లోతు తక్కువ నీళ్ళకు వాటి గండాలు వాటికి ఉన్నాయి. ట్రఫాల్గర్ అగ్రం దగ్గర నీటి అడుగున రాళ్ళు కాచుకుని ఉంటాయి. ఆ తరువాత, మధ్యధరాలో గుడ్లు పెట్టడానికి వెళ్ళే బ్లూఫిన్ ట్యూనా చేపలను పట్టేందుకు బార్బాతె ముందు పరిచిన, అల్మద్రాబా అనే సంప్రదాయ వలలు అడ్డం వస్తాయి. ఓర్కాలు ఈ కాలంలో ఇక్కడికి వచ్చేదీ ఆ ట్యూనాల కోసమే. అంటే అవీ, జాలర్లూ, మేమూ ఒకే దారిని పంచుకుంటున్నామన్న మాట.

“ఎదురైతే ఏం చేస్తారు?” అని అడిగాను. “మొదట్లో తెరచాపలు దించి, ఇంజిను ఆపి, చుక్కాని తిప్పే చక్రం వదిలేయమనేవారు. ఇప్పుడు ఆగవద్దు, ఇంజిను వేసుకుని తీరం వైపు వెళ్ళిపోండి అంటున్నారు. ఎవరూ అంచుల దగ్గర నిలబడకూడదు, అంతే” అన్నారావిడ. నిజానికి ఈ రెండు సలహాలూ ఓర్కాలు అలా ఎందుకు చేస్తున్నాయన్న ప్రశ్నకు రెండు జవాబులు. కదిలే చుక్కానితో ఆటాడుకుంటున్నాయనుకుంటే, కదలిక ఆగితే విసుగు పుట్టి పోతాయన్నది మొదటి సలహాలోని తర్కం. ఆగిన పడవలకూ దెబ్బలు తగిలిన తరువాత, అవి తిరిగే చోటు నుంచి వీలైనంత త్వరగా బయటపడటమే మేలన్న నిర్ణయానికి వచ్చారు. కారణం తెలియకుండా పడవ నడపడం ఎంత కష్టమో నాకు అక్కడ అర్థమైంది.

బార్బాతె రేవులో ఒడ్డుకు ఎత్తిన ఒక పడవ చుక్కానిని దగ్గరగా చూశాను. కింది సగం లేదు. మిగిలిన దానిలో ఫైబర్‌గ్లాస్ పొర ఊడి, లోపలి పసుపురంగు నురుగు పదార్థం బయటపడింది. దాని మీద సమానమైన ఎడంతో పంటి గాట్లు వరుసగా ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే గాటు లోతు గోరంత కూడా లేదు. కొరికి తినాలని చేసిన పని కాదది. తలతో నెట్టి, ఒంటితో ఒరుసుకుని, పళ్ళతో పట్టి చూసిన ఆనవాలు. పడవ పొట్ట మీద మాత్రం చెప్పుకోదగ్గ గీత ఒక్కటీ లేదు.

పత్రికలకు నచ్చిన ప్రతీకార కథ నాకు నమ్మశక్యంగా లేకపోవడానికి ఇదే కారణం. ఏదో పడవ వల్ల గాయపడిన గ్లాదిస్ బ్లాంకా అనే ఆడ ఓర్కా మిగతా వాటికి పగ నేర్పిందని ఆ కథ. టన్నుల బరువున్న జంతువు ముంచదలచుకుంటే చుక్కాని దగ్గరే ఎందుకు తచ్చాడుతుంది? పైగా పడవల దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పిల్ల ఓర్కాలే. చుక్కాని విరిగిపోగానే వాటికి ఆసక్తి పోవడం కూడా చాలాసార్లు జరిగింది. 2024లో అంతర్జాతీయ తిమింగిలవేట సంఘం సమావేశపరిచిన నిపుణులు దీన్ని దాడిగా కాక ఆటగా, గుంపులో పాకిన ఒక మోజుగా చూశారు. చేపలవేట మీద కట్టడి పెట్టిన తరువాత ట్యూనాలు మళ్ళీ పెరిగాయి కనుక, ఆకలి తీరిన పిల్లలకు తీరిక దొరికి ఉండవచ్చు. 1987లో అమెరికా పశ్చిమ తీరంలోని పుజెట్ సౌండ్ అనే సముద్రపాయలో ఓర్కాలు చచ్చిన సాల్మన్ చేపలను తల మీద పెట్టుకుని తిరిగాయి. కొన్నాళ్ళకు ఆ ముచ్చట దానంతటదే సద్దుమణిగింది. ఈ చుక్కానుల వ్యవహారం మాత్రం ఏళ్ళ తరబడి సాగుతోంది. పెద్ద ట్యూనాను కలిసికట్టుగా వేటాడటానికి ఇది పిల్లల సాధన అన్న వాదం కూడా ఉంది. నా దృష్టిలో ఆటకూ సాధనకూ మధ్య అంత గట్టి గోడేమీ లేదు.

తరీఫా దాటేసరికి ప్రవాహం మమ్మల్ని తూర్పుకు లాక్కుపోయింది. ఓర్కా రెక్క ఒక్కటీ కనబడలేదు. జిబ్రాల్టర్‌లో పడవ కట్టగానే కెప్టెన్ బ్రిటన్‌కు చెందిన క్రూజింగ్ అసోసియేషన్ అనే నావికుల సంఘం నివేదిక పత్రాన్ని తెరిచారు. ఏమీ జరగకుండా దాటినవారు కూడా దానిని నింపాలి, లేకపోతే పోల్చి చూడటానికి ఆధారం దొరకదు. పడవ పొడవెంత, చుక్కాని ఏ రకం, అడుగున పూసిన రంగేమిటి, ఆటోపైలట్ వాడారా? ఒక్కో ప్రశ్న వెనుకా ఒక్కో అనుమానం ఉంది. లోతు కొలిచే పరికరం పనిచేస్తూ ఉందా అని కూడా అడిగారు. దాని శబ్దమే ఓర్కాలను పిలుస్తుందేమోనని కొందరు నావికుల సందేహం. దాన్ని ఆపేస్తే ఇరవై మీటర్ల గీత వెంట వెళ్ళడం ఎలాగో చెప్పిన వారెవరూ లేరని కెప్టెన్ నవ్వి, “ఉంది” అని గుర్తు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్ళారు.