కోనసీమ నుంచి క్వాంటం సిద్ధాంత పరిశోధనకు: నా ఇంటర్వ్యూ అనుభవం

అమరావతికి 156 క్యూబిట్ల (0, 1 రెండూ కలిసిన స్థితిలోనూ ఉండగల క్వాంటం బిట్ల) ఐబీఎం క్వాంటం కంప్యూటర్ వస్తుందని పత్రికల్లో చదివాక, మా అమలాపురంలో అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "నువ్వు దాని మీద పని చేస్తావా?" నేను చేయదలచుకున్న పనికి యంత్రం అక్కర్లేదు. సిద్ధాంత పరిశోధనకు కావలసింది లీనియర్ ఆల్జీబ్రా, తెల్ల కాగితాలు, మన లెక్కను నిలదీసే మనిషి. ఆ మనిషి దొరకడమే కష్టం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఫిజిక్స్ పీహెచ్‌డీ ప్రవేశాలకు పెట్టే జెస్ట్ పరీక్షకు చదివాను. దానికి పాత ప్రశ్నపత్రాలు శ్రద్ధగా చేయడమే మార్గం. ర్యాంకు చూసి సంస్థలు విడివిడిగా ఇంటర్వ్యూకు పిలుస్తాయి. అసలు పరీక్ష అక్కడే.

ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే ఆన్‌లైన్ పాఠాలు విని, ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పరిశోధన పత్రాలు చదివి, ప్రతి నిరూపణనూ రావులపాలెంలో ఉండే మా పాత లెక్కల మాస్టారికి చూపించేవాణ్ణి. ఆయనకు క్వాంటం తెలియదు, మాత్రికలు క్షుణ్ణంగా తెలుసు. అది నాకు వరమైంది. విషయం తెలిసినవాళ్లు తల ఊపి ముందుకు వెళ్లిపోతారు; ఆయన ప్రతి మెట్టు దగ్గరా ఆపేవారు.

ఆయనకు చూపిన వాటిలో ఒకటి నో క్లోనింగ్: తెలియని క్వాంటం స్థితికి నకలు తీయలేమని 1982లో భౌతిక శాస్త్రవేత్తలు వూటర్స్, జూరెక్ కలిసి, డీక్స్ విడిగా నిరూపించారు. క్వాంటం స్థితిని మార్చే యూనిటరీ చర్య (వెనక్కి తిప్పగలిగే మార్పు) ఇన్నర్ ప్రొడక్టును, అంటే రెండు స్థితులు ఎంత కలుస్తాయో చెప్పే సంఖ్యను, మార్చదు. అలాంటి చర్యతో నకలు తీసే యంత్రమే ఉంటే, ఏ రెండు స్థితుల ఇన్నర్ ప్రొడక్టయినా దాని వర్గానికి సమానం కావాలి, అంటే 0 గానీ 1 గానీ కావాలి. కాబట్టి అన్ని స్థితులకూ పనికొచ్చే నకలు యంత్రం ఉండదు. మాస్టారు ఒప్పుకున్నారు. తరువాత ఒక క్యూబిట్ సమాచారాన్ని మూడింటిలో పరిచి, తప్పు వస్తే దిద్దే మూడు క్యూబిట్ల దోష సవరణ చూపిస్తే కళ్లజోడు తీసి, "నకలు కుదరదన్నావు. మరి ఒకదాన్ని మూడెలా చేశావయ్యా?" అన్నారు.

ఆ ప్రశ్నే నన్ను నిలబెట్టింది. ఆల్ఫా, బీటా గుణకాలున్న ఒక క్యూబిట్‌కు నిజంగా మూడు నకళ్లు ఉంటే, గుణించగా ఎనిమిది పదాలు రావాలి. ఇక్కడ ఉన్నవి రెండే: ఆల్ఫాతో 000, బీటాతో 111. ఇక దోషాన్ని పట్టుకోవడానికి ఏ క్యూబిట్‌నూ "నీ విలువ ఎంత" అని అడగం. మొదటిదీ రెండోదీ ఒకటేనా, రెండోదీ మూడోదీ ఒకటేనా అని మాత్రమే అడుగుతాం. ఒక్క క్యూబిట్ తిరగబడితే, అది ఏదో ఈ రెండు జవాబులే చెబుతాయి. ఆల్ఫా, బీటాల గురించి ఏమీ బయటపెట్టవు, అందుకే స్థితి చెడదు. ఫేజ్ దోషం (బీటా గుర్తు మారిపోవడం) కూడా సవరించాలంటే ఇది చాలదు. 1995లో గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ తొమ్మిది క్యూబిట్లతో రెండింటినీ సవరించే పద్ధతి చూపాడు. ఇంత అందమైన ఆలోచన ఫిజిక్సులో నాకు మరొకటి కనబడలేదు.

అమలాపురానికి రైలు లేదు కనుక బస్సులో గౌతమి దాటి రాజమండ్రి వెళ్లి రైలెక్కాను. ఇంటర్వ్యూలో ముందు నో క్లోనింగ్ నిరూపించమన్నారు. బోర్డు మీద రాయగానే ఒక ప్రొఫెసర్, "మరి దోష సవరణ ఎలా సాధ్యం?" అన్నారు. మాస్టారికి చెప్పినట్లే చెప్పాను. తరువాత బెల్ అసమానత, అంటే దూరంగా ఉన్న రెండు కణాల కొలతల మధ్య పొంతనకు ఉండే హద్దు: క్వాంటం లేని సాధారణ హద్దు 2 అయితే, క్వాంటంలో 2√2 దాటదని చూపమన్నారు. అక్కడ కొంచెం ఆగాను. ఆ పొంతనను లెక్కించే ఆపరేటర్‌ను వర్గం చేసి చూడమని వాళ్లే అన్నారు. చేస్తే 4తో పాటు రెండు కమ్యుటేటర్ల (AB − BA లాంటి తేడాల) లబ్ధం మిగిలింది, ఆ మొత్తం 8 దాటదు; దాని వర్గమూలమే 2√2. తడబడినప్పుడు సాయం అందుకోవడం వచ్చో రాదో వాళ్లు చూస్తారని నా నమ్మకం. అందుకే ఇంట్లోనే బోర్డు ముందు నిలబడి, పైకి చెబుతూ సాధన చేయాలి. రెండు వ్యవస్థలను కలిపి రాసే టెన్సర్ ప్రొడక్టు, అందులో ఒక భాగాన్నే విడదీసి చూసే పార్షియల్ ట్రేస్ చేత్తో చేయడం రావాలి.

సీటు వచ్చింది. గైడు ఇచ్చిన మొదటి పని ఎంటాంగిల్‌మెంట్‌ను, అంటే రెండు వ్యవస్థలు విడివిడిగా వర్ణించలేనంతగా ముడిపడి ఉండటాన్ని, గుర్తించడం మీద. 2×2, 2×3 వ్యవస్థలకు (ఒక భాగానికి రెండు స్థాయిలు, మరోదానికి రెండు లేదా మూడు) పార్షియల్ ట్రాన్స్‌పోజ్ పరీక్ష, అంటే మాత్రికలో ఒక భాగానికే అడ్డువరుసలూ నిలువువరుసలూ తారుమారు చేసి చూడటం, చాలునని 1996లోనే తేలింది. 3×3కు వచ్చేసరికి ఎంటాంగిల్ అయి ఉండి కూడా ఆ పరీక్షకు చిక్కని స్థితులున్నాయి. ప్రస్తుతం వాటి లెక్కలే చేస్తున్నాను.