పింఛన్ రోజు

క్రిస్మస్‌కు ముందు మా చర్చి యూత్‌తో కలిసి నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెలకు దుప్పట్లు, బియ్యం తీసుకెళ్లాం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన పెద్దవాళ్లు అక్కడ ఇప్పటికీ కనిపిస్తారు. మిషన్ భగీరథ వచ్చాక నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మంచిదే. కానీ ఒకసారి బిగుసుకుపోయిన కీళ్లు మళ్లీ మామూలుగా కావు.

ఒక అవ్వ దుప్పటి పక్కన పెట్టి, "ఇది మంచిగున్నది గానీ బిడ్డా, పోస్టాఫీసు దాక ఎవరన్న తోల్కపోతరా? పింఛన్ తెచ్చుకోవాలె" అంది. మా లిస్టులో అది లేదు! బండి మీద కూర్చోలేదు కాబట్టి ఆటో మాట్లాడాం. అక్కడ వేలిముద్ర ఒక పట్టాన పడలేదు. తడిగుడ్డతో తుడిచి, వేళ్లు మార్చి మార్చి పెడితే చివరికి పడింది. సగం రోజు దానికే పోయింది. మిగతా ఇళ్లు మావాళ్లు చూసుకున్నారు.

బట్టలు, తిండి లేనివాళ్లకు కావలసింది ఇవ్వకుండా 'చలి కాచుకోండి, తృప్తిగా తినండి' అంటే ఏం లాభం అని బైబిల్లోని యాకోబు పత్రిక 2వ అధ్యాయం అడుగుతుంది. ఆ కావలసింది ఏంటో చెప్పాల్సింది వాళ్లే కదా.

ఫొటోలు ఏవని కొందరు అడిగారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియొద్దన్నాడు ప్రభువు. వంగిన మనిషిని బ్యానర్ పక్కన నిలబెట్టడం నాకు అసలు నచ్చదు. (ఈ పోస్టు మాత్రం చాటింపు కాదా అంటారేమో, అనండి.)

వచ్చే నెల పింఛన్ ఇచ్చేటప్పుడు అటు వెళ్లగలిగేవాళ్లు ఉంటే చెప్పండి. ఆటో కిరాయి నేనిస్తా.