మావయ్యగారి సీసాలో ఒక ద్రాక్మా

మంగళవారం, రాత్రి పదిన్నర

పాపకి రేపు స్కూల్లో వేరే దేశాల నాణేలు చూపించాలట. ఆ సంగతి ఇవాళ సాయంత్రం ఐదింటికి చెప్పింది. మావయ్యగారి మొహం వెలిగిపోయింది. అటక మీద హార్లిక్స్ సీసా దింపమన్నారు. పాతికేళ్లు ఓడల మీద తిరిగి, బోసన్‌గా, అంటే డెక్కు పనివాళ్లకి పెద్దగా, రిటైరైన మనిషి. ఏ రేవులో మిగిలిన చిల్లరైనా ఇంటికొచ్చి ఆ సీసాలోనే పడేది. హాల్లో పాత పేపరు పరిచి బోర్లించాను. ముందుగా పాప చేతికి దొరికింది చిన్న రాగి బిళ్ల.

"ఈ మామ్మ ఎవరమ్మా? తలకి గుడ్డ కట్టుకుంది, పొలానికెళ్తోందా?"

నాకు ఆవిడ తెలుసు. కిందటిసారి మా ఆయన ఓడ సముద్రపు దొంగల భయముండే ఏడెన్ దాటుతున్నన్నాళ్లూ నిద్రపట్టక, ఇదే నాణెం దగ్గర పెట్టుకుని రాత్రుళ్లు ఫోన్లో వెతికి చదివాను. పేరు లస్కరీనా బుబులీనా. గ్రీసులో స్పెట్సెస్ అనే చిన్న దీవి ఆవిడ ఊరు. యూరో రాకముందు, 1988 నుంచి కొట్టిన ఒక ద్రాక్మా నాణెం మీద ఆవిడ బొమ్మే ఉండేది. పొలానికి కాదు నాన్నా, యుద్ధానికెళ్లింది, సొంత ఓడ వేసుకుని వెళ్లింది అన్నాను. పాప నాణేన్ని ఇంకోసారి తిప్పి చూసుకుంది.

పాపకి చెప్పింది అంతే. మిగతాది ఇక్కడ రాసుకోవాలనిపించింది.

ఆవిడ పుట్టింది 1771లో, ఇస్తాంబుల్ జైల్లో. తుర్కుల మీద జరిగిన ఒక తిరుగుబాటులో చేరినందుకు తండ్రిని అక్కడ బంధించారు. చావుబతుకుల్లో ఉన్న భర్తని చూడ్డానికి నిండు చూలాలైన తల్లి వెళ్లింది, కాన్పు అక్కడే అయిపోయింది. తండ్రి పోయాక తల్లి పసిబిడ్డతో హైడ్రా దీవికి తిరిగొచ్చి, కొన్నేళ్లకి స్పెట్సెస్‌లో మారుమనువు చేసుకుంది. పిల్ల ఓడల మధ్యే పెరిగింది. ఇద్దర్ని పెళ్లాడింది, ఒకరి తర్వాత ఒకర్ని. ఇద్దరూ ఓడవాళ్లే. ఇద్దర్నీ అల్జీరియా వైపు నుంచి వచ్చే సముద్రపు దొంగలే చంపేశారు. రెండో ఆయన బుబులిస్ పోయింది 1811లో. అప్పటికి ఆవిడకి నలభై. ఇంటినిండా పిల్లలు.

ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఆగిపోతాను. ఆవిడ గురించి రాసేవాళ్లందరూ కత్తి, ఫిరంగి, జెండా దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ కబురు ఇంటికి చేరిన రోజు కావాలి. ఎవరు తెచ్చి ఉంటారు? ఓడలో మిగిలిన వాళ్లలో ఎవరో గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంటారు. మా వీధిలో ఓడవాళ్ల ఇళ్లు నాలుగున్నాయి. కంపెనీ నుంచి వేళకాని వేళ ఫోనొస్తే మేం ఎలా లేస్తామో మాకే తెలుసు.

ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. భర్త వదిలివెళ్లిన ఓడలూ డబ్బూ చేతిలోకి తీసుకుంది, వ్యాపారం పెంచింది. రెండో భర్త రష్యా తరఫున పోరాడాడన్న సాకుతో తుర్కీ ప్రభుత్వం ఆస్తి లాక్కోబోతే, తనే ఇస్తాంబుల్ వెళ్లింది. రష్యా రాయబారిని కలిసింది. చివరికి సుల్తాను తల్లి దగ్గరికే వెళ్లి మొరపెట్టుకుని ఆస్తి నిలబెట్టుకుంది. ఆడమనిషి, ఇద్దరు భర్తలు పోయిన మనిషి, తను పుట్టిన జైలున్న ఊరికే మళ్లీ వెళ్లి నిలబడింది! మొన్న ఇంటి లోను కాగితం మీద ఒక్క సంతకం కోసం నేను మూడుసార్లు తిరిగాను. మూడోసారి మెట్లెక్కుతుంటే ఆవిడే గుర్తొచ్చింది.

తర్వాత సొంత డబ్బుతో కొత్త ఓడ కట్టించింది. పేరు అగమెమ్నాన్, పద్ధెనిమిది ఫిరంగులు. 1820లో పూర్తయింది. మరుసటి ఏడాదే తుర్కుల మీద గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధం. వాళ్ల పాత క్యాలెండరు లెక్కలో 1821 మార్చి 13న ఆ ఓడ మీద తన జెండా ఎగరేసింది. ఏప్రిల్ మొదట్లో దీవి మొత్తం లేచింది. తన ఓడలతో వెళ్లి తుర్కుల చేతిలో ఉన్న నాఫ్‌ప్లియో కోటకి సముద్రం వైపు దారి మూసేసింది. ఆ కోట లొంగడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. అన్నాళ్లూ నావికుల జీతాలు, తిండి, మందుగుండు ఆవిడ పెట్టె లోంచే. యుద్ధం మొదలైన కొన్ని వారాల్లోనే పెద్ద కొడుకు యానిస్ ఆర్గోస్ దగ్గర చనిపోయాడు. ఆ వార్త చదివి నేను ఫోను పక్కన పెట్టేశాను, మళ్లీ తీయడానికి రెండు రోజులు పట్టింది.

ఒక చోట మనసు ముడుచుకుపోతుంది, అదీ రాయాలి. అదే ఏడాది సెప్టెంబరులో త్రిపోలిత్సా పట్నం గ్రీకుల చేతికొచ్చింది. లోపలున్న తుర్కుల్నీ యూదుల్నీ వేలల్లో నరికేశారు, ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా వదల్లేదు. బుబులీనా ఆ ఊళ్లోకి వెళ్లింది. అక్కడి తుర్కీ పాలకుడు పాషా అంతఃపురం స్త్రీలని చంపనివ్వకుండా అడ్డుపడింది. సుల్తాను తల్లికి ఎప్పుడో ఇచ్చిన మాట కోసమే చేసిందని చెప్పుకుంటారు. మాట కోసమైనా, జాలితోనైనా, ఆ రోజు అక్కడ కత్తికి అడ్డం నిలబడ్డ చెయ్యి అది. బయట చనిపోయిన వేలమందిని కూడా మర్చిపోకుండానే నేను ఆవిడని గౌరవిస్తాను.

ఏడున్నరకి పప్పు తిరగమోత పెడుతుంటే ఆయన ఫోను. సూయజ్ నిన్న దాటారట, ఎర్ర సముద్రంలో కిందికి దిగుతున్నారు. రెయిలింగు చుట్టూ ముళ్లతీగ కట్టేశామన్నారు. రాత్రి కాపలాకి ఇద్దరు ఎక్కువట. "ఏం పర్లేదే, ఎప్పుడూ వెళ్లే దారేగా," అన్నారు. ఎప్పుడూ అనే మాటే. పాప ఫోను లాక్కుని, "నాన్నా, దొంగల మీదకి ఓడేసుకెళ్లిన మామ్మ నా దగ్గరుంది," అంది. యుద్ధం చేసింది దొంగలతో కాదని దిద్దబోయి ఊరుకున్నాను. అవతల ఆయన నవ్వుతుండగానే లైను తెగిపోయింది.

ఆవిడ చివరి రోజు సంగతి పాపకి ఇప్పుడే చెప్పను. యుద్ధం మధ్యలో గ్రీకులు తమలో తామే కొట్టుకున్నారు. ఆవిడ వియ్యంకుడు కొలొకోత్రోనిస్ పెద్ద సేనాని, ఓడిన పక్షం ఆయనది. అల్లుడు పానోస్‌ని ఆ గొడవల్లోనే చంపేశారు. నాఫ్‌ప్లియోలో ఆవిడకిచ్చిన ఇల్లూ భూమీ లాగేసుకుని స్పెట్సెస్‌కి పంపించేశారు. పెట్టె అప్పటికే ఖాళీ. 1825 మేలో కొడుకు యోర్గోస్, కూత్సిస్ అనే కలిగినవాళ్ల ఇంటి పిల్లని లేవదీసుకొచ్చాడు. పిల్ల తరఫువాళ్లు ఆయుధాలతో ఇంటి మీదకొచ్చారు. ఆవిడ కిటికీ దగ్గరకొచ్చి కింద ఉన్నవాళ్లతో గట్టిగా వాదిస్తోంది. ఎవరో పేల్చారు. నుదుటికి తగిలింది. ఎవరు పేల్చారో తేలనే లేదు.

కోట ఫిరంగుల కింద ఏడాదిన్నర నిలబడిన మనిషి సొంతింటి కిటికీలో పడిపోయింది. పిల్ల తరఫువాళ్లు గుమ్మం ముందు నిలబడి కేకలేస్తుంటే అబ్బాయి తల్లి జవాబు చెప్పడం మా అక్కయ్య వాళ్లింట్లో కళ్లారా చూశాను. ఆ రోజు అక్కయ్య గొంతు ఎలా వణికిందో నాకింకా వినిపిస్తుంది. బుబులీనా గొంతు వణికి ఉండదు. కానీ అమ్మగా ఆ కిటికీ దగ్గరికి రాకుండా ఉండలేకపోయింది.

ఆ దీవిలో ఆవిడ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆవిడ వంశంవాళ్లే నడుపుతున్నారు. ఏటా సెప్టెంబరులో, 1822లో దీవిని కాపాడుకున్న నౌకాయుద్ధాన్ని తలుచుకుంటూ రేవులో తుర్కీ ఓడ నమూనాని తగలబెట్టి పండగ చేసుకుంటారు.

భోజనాలయ్యాక మావయ్యగారు డాబా మీదకి వెళ్లారు. రోజూ అంతే, సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు లెక్కపెట్టందే పడుకోరు. మజ్జిగ గ్లాసు పట్టుకుని వెళ్లాను. ఆ రాగి బిళ్ల చేతిలోనే ఉంది.

"పిరేయస్‌లో సిగరెట్ల కొట్టువాడు చిల్లరిచ్చాడమ్మా ఇది. ఆవిడెవరో ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లూ సీసాలో పడుంది." కాసేపాగి, "పేరేమన్నావు?"

"బుబులీనా, మావయ్యగారూ."

"బుబు..." అని ఆగి, మళ్లీ నెమ్మదిగా రెండుసార్లు అనుకుని, నాణెం నా చేతిలో పెట్టారు. పాప బాక్సులో జాగ్రత్తగా పెట్టమన్నారు, స్కూల్లో పోగొట్టుకోకుండా సాయంత్రం మళ్లీ తెమ్మని చెప్పమన్నారు. ఇవాళ పదకొండు దీపాలున్నాయట.